అలుగుకు అడ్డం

కట్ట కింది వీధి,
వానలు మొదలైన వారం

తమ్ముడూ,

ఉత్తరం ఆలస్యమైందని అలగకు. బడులు తెరిచే రోజులు కదా, పిల్లల యూనిఫారాలు కుట్టీ కుట్టీ మెడ పట్టేసింది. మిషను ముందు నుంచి లేచి నిలబడినా గోడ మీద నా నీడ వంగే ఉంటోంది.

చెరువు ఎలా ఉందని అడిగావు. జైల్లో కూర్చుని చెరువు గురించి బెంగపెట్టుకునేది లోకంలో నువ్వొక్కడివే అని మీ బావ ఒకటే నవ్వు. ఎలా ఉంటుంది? తాతల నాటి మట్టికట్ట, ముసలిదైపోయింది. కట్ట మీద తుమ్మచెట్లు ఇంకా లావయ్యాయి. పందికొక్కులు ఎక్కడపడితే అక్కడ బొరియలు చేశాయి. తూము తలుపు తుప్పు పట్టి జానెడు లేస్తుంది, ఆ పైన ఎంత తిప్పినా కదలదు. ఇవన్నీ నువ్వు చూసి వెళ్ళినవే. నువ్వు చూడనిది అలుగు.

దవడ విరగ్గొట్టావు కాబట్టి చేపల గుత్తేదారుకు బుద్ధి వచ్చి ఉంటుందని అనుకుంటున్నావేమో. దవడ వంకరైంది, బుద్ధి అలాగే ఉంది. నువ్వు కొట్టిన రోజున వాడు అలుగుకు వల ఒక్కటే కట్టాడు. ఇప్పుడు దానికి చెక్క పలకలు బిగించి, వెనక ఇసుక బస్తాలు పేర్చి, అవేవీ కదలకుండా పైన తాళ్ళతో ఇనుప వల లాగి కట్టాడు. చెరువు నిండి నీళ్ళు పొర్లితే చేపపిల్లలు వెళ్ళిపోతాయట. మిగులు నీళ్ళు బయటికి పోవడానికి ఉన్న ఒక్క రాతిదారినీ అలా మూసేశాడు.

అక్కడ కాపలా ఎవరో తెలుసా? మన ఒంటె. నీతో పాటు ఆ నీళ్ళలోనే ఈత నేర్చుకున్న ఒంటె. మెడ ఇంకా అంత పొడుగ్గానే ఉంది, చేతిలో మాత్రం ఇనుప రాడ్డు కొత్తగా వచ్చింది.

"రాడ్డెందుకురా?" అన్నాను.

"పాములుంటాయక్కా."

"అలుగు మూసేస్తే మిగులు నీళ్ళెటు పోతాయి? కట్ట మీద నుంచా?"

"ఈ రోజుల్లో అంత వాన ఎక్కడ పడుతుందక్కా? నా ఇల్లు మాత్రం మీ వీధిలో లేదా? నా పెళ్ళాం, నా కూతురు ఆ కట్ట కిందే కదా పడుకునేది?"

అంటూ నా కళ్ళలోకి మాత్రం చూడలేదు.

నువ్వు వేళకు తిను. ఎవరితోనూ గొడవ పెట్టుకోకు.

అక్క

బామ్మర్దీ, మీ అక్క రాసిందాంట్లో సగం కోపం, సగం నిజం. ఏది ఏదో నువ్వే తేల్చుకో. నువ్వొచ్చాక కూర్చోడానికి ఒక కుర్చీ మొదలుపెట్టాను. అక్కడ బరువు పెరిగావో తగ్గావో రాయి, కాళ్ళు దానికి తగ్గట్టు పెడతాను. — బావ


జిల్లా జైలు, నేత షెడ్డు

అక్కా,

ఇక్కడ మా ఉత్తరాలు ముందు జైలరు చదువుతాడు. అందుకని గుత్తేదారు గురించి నా మనసులో మాట రాయలేను. నువ్వే ఊహించుకో. ఊహించుకున్నదానికి ఇంకో రెండింతలు కలుపుకో.

నన్ను మగ్గం మీద వేశారు. పొక్లెయిన్ లివర్లు లాగిన చేతులకు దారం దొరకదు, జారిపోతుంది. పక్క మగ్గం ముసలాయన నన్ను చూసి, "కొండలు తవ్వినోడివి, నూలుపోగుకు ఓడిపోయావేంటయ్యా" అని రోజూ నవ్వుతాడు. మంచివాడు. ఏం చేసి వచ్చాడో నేనడగలేదు.

మొన్న స్నానాల తొట్టి దగ్గర ఒకడు ఇంకొకడి తల పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఒక చెంబు నీళ్ళ కోసం. రెండో దెబ్బకే వాడు జారిపోయాడు, అయినా వీడు ఆపలేదు. మేమందరం సబ్బు నురగతోనే నిలబడి చూశాం. గోడ కడిగారు గానీ మరక పోలేదు. అందరం ఇప్పుడు ఆ గోడకు వీపు పెట్టి స్నానం చేస్తున్నాం.

ఒంటె గురించి ఒక్క మాట. వాడు చెడ్డవాడు కాదు, వట్టి పిరికివాడు. చిన్నప్పుడు లోతులోకి దూకమంటే ఒడ్డున నిలబడి ఏడ్చేవాడు. పిరికివాడి చేతికి రాడ్డు ఇస్తే వాడికి తన భయం తప్ప ఇంకేం కనబడదు. వాడితో జాగ్రత్తగా మాట్లాడు. బావను అటు పోనివ్వకు.

కట్ట కింద, ఎప్పుడూ చెమ్మగా ఉండే చోటు ఉంది చూడు, తూముకు ఇవతల, అక్కడ ఊట పెరిగిందేమో చూసి రాయి.

బావా, బరువు తగ్గాను. అయినా కుర్చీ కాళ్ళు గట్టిగానే పెట్టు. బయటికొస్తే అక్క చేతి వంట మీద పడతాను కదా.

తమ్ముడు


కట్ట కింది వీధి,
ముసురు పట్టిన రోజులు

తమ్ముడూ,

కులాసాయేనా? దగ్గు తగ్గిందా? దుప్పటి సరిపోతోందా? వార్డరు మంచివాడేనా? ముసలాయన ఎలా ఉన్నాడు? మేమందరం ఇక్కడ బాగానే ఉన్నాం.

ఊట పెరిగింది. నీ మాట మీద వెళ్ళి చూశాను, చీర అంచు తడిసేంత నీళ్ళు నిలిచాయి. నీటిపారుదల ఆఫీసుకు కబురు పెడితే ఇంజనీరమ్మ తనే జీపులో వచ్చింది. చిన్న వయసు, చెప్పులు చేత్తో పట్టుకుని కట్ట పొడుగునా నడిచింది. పందికొక్కుల బొరియలో చెయ్యి భుజం దాకా దూర్చి చూసింది. ఊటనీళ్ళు గాజు సీసాలో పట్టి వెలుతురుకెత్తి, "ఇప్పుడైతే తేటగా ఉన్నాయండీ. తేటగా ఉన్నంతసేపు కట్ట నీళ్ళను మాత్రమే వదులుతున్నట్టు. ఎర్రబడితే మాత్రం కట్టలో మట్టి కరిగి బయటికొస్తున్నట్టు. అప్పుడు ఇంక ఆలోచించకండి, పిల్లల్ని తీసుకుని మెరకకు వెళ్ళిపోండి" అంది. సీసా నాకిచ్చి రోజూ చూడమంది. అలుగు మీద పలకలు ఆ రోజే తీయించాలంది.

గుత్తేదారు వచ్చాడు. వంకర దవడతో మాట సగమే వస్తుంది, అయినా అందరికీ అర్థమైంది. "పలక ముట్టుకున్న చెయ్యి మళ్ళీ దేన్నీ ముట్టుకోదు" అన్నాడు.

ఇంజనీరమ్మ బెదరలేదు. "ఇది మీ చేపల తొట్టి కాదు. కింద రెండు వీధుల జనం ఉన్నారు" అంది. జీపు ఎక్కబోతుంటే రాళ్ళు మొదలయ్యాయి. ముందు అద్దం పగిలింది. డ్రైవరు తలుపు తీసి పారిపోయాడు. ఆమె సీటు కింద దూరేలోపే ఒక రాయి నుదుటి మీద పడింది. నేను పరిగెత్తుకెళ్ళి, చంకలో ఉన్న యూనిఫారం గుడ్డ తీసి అదిమిపట్టాను. తెల్లగుడ్డ చూస్తుండగానే ఎర్రబడింది. ఆ నెత్తురులోనే ఆమె, "అక్కా, అలుగు... అలుగు తీయించండి" అంటూనే ఉంది. కుట్లు పడ్డాయి. పోలీసులు వచ్చి, కోతులు రువ్వాయని రాసుకుని వెళ్ళారు. నిజం, నవ్వకు.

మీ బావ పని మీద ఉన్నాడు. నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

అక్క


జిల్లా జైలు

అక్కా,

నువ్వు అబద్ధం రాసేటప్పుడు కుశలప్రశ్నలు ఎక్కువైపోతాయి. దగ్గు నాకెప్పుడు వచ్చిందని తగ్గుతుంది?

బావ రెండు ముక్కలు రాయకుండా నీ ఉత్తరం ఒక్కటైనా వచ్చిందా? "పని మీద ఉన్నాడు" అట. ఎంత పనైనా పెన్సిలు ఆయన చెవి మీదే ఉంటుంది కదా. ఏం జరిగింది? ఎవరు చేశారు? నన్ను చిన్నపిల్లాణ్ణి చెయ్యకు. దాచిపెడితే రోజుకొక రకంగా ఊహించుకుంటున్నాను, అన్నింట్లోనూ బావ చచ్చిపోయి కనిపిస్తున్నాడు.

ఏడు నూలుపోగులు తెంపాను ఇవాళ. ముసలాయన తిట్టకుండా అతికించాడు.

నిజం రాయి.

తమ్ముడు


కట్ట కింది వీధి,
వాన తెరిపిచ్చిన రోజు

తమ్ముడూ,

రాస్తున్నాను. కూర్చుని చదువు.

జీపు మీద రాళ్ళు పడిన రోజే అది జరిగింది. ఇంజనీరమ్మ నెత్తురు చూసి మీ బావ గునపం తీసుకుని అలుగు దగ్గరికి వెళ్ళాడు. నేను ఆసుపత్రికి వెళ్ళి ఉన్నాను, లేకపోతే కాళ్ళకు అడ్డం పడేదాన్ని. "వడ్రంగిని, పలక తియ్యడం నాకెంతసేపు" అనుకున్నాడట. ఒక పలక తీశాడు కూడా.

గుత్తేదారు మనుషులు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. ఒకడు వీపు మీద ఎక్కాడు. ఆయన తీసిన పలక మీదే ఆయన కుడిచెయ్యి పరిచారు. గుత్తేదారు వాళ్ళెవరికీ చెప్పలేదు. ఒంటెను పిలిచాడు. "నీ వీధివాడేగా, నువ్వే కొట్టు. లేదంటే ఆ పక్కన నీ చెయ్యి పెట్టు" అన్నాడు.

ఒంటె కొట్టాడు. మీ బావ చెప్పడం, వాడు ఏడుస్తూ కొట్టాడట. "వాడి ముక్కు కారుతోంది, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు పాపం" అన్నాడు. పాపమట! వేళ్ళన్నీ నలిగిపోయి, ఎముకలు తోలులోంచి తెల్లగా పొడుచుకొచ్చిన మనిషి అనే మాటేనా అది? బొటనవేలు ఒక్కటే మిగిలిందనుకో. డాక్టరు లోపల కమ్మీలు వేశాడు. చెంచా పట్టుకోవచ్చంటున్నాడు. ఉలి పట్టుకోలేడు. నీ కుర్చీ నాలుగో కాలు లేకుండా గోడకు ఆనించి ఉంది.

స్టేషనుకు వెళ్ళాను. "మీ తమ్ముడు చేసినదానికి ఇది చెల్లు అనుకోమ్మా" అన్నాడు రైటరు, టీ ఊదుకుంటూ.

తమ్ముడూ, నువ్వు గుత్తేదారును కొట్టిన రోజు నిన్ను నానా మాటలూ అన్నాను. మనిషివేనా, పశువువా అన్నాను. కోర్టులో నీ వైపు చూడలేదు. ఇప్పుడు మిషను ముందు కూర్చుంటే సూది కింద గుడ్డ బదులు వాళ్ళ వేళ్ళే కనిపిస్తున్నాయి. ఈయన గొడ్డలి సానబెట్టించి తలుపు వెనక పెట్టుకున్నాను. ఎక్కడ కొడితే మనిషి మళ్ళీ లేవడు? నీకు తెలుసుగా, రాయి.

సీసాలో నీళ్ళు నిన్న పల్చటి టీ రంగులో ఉన్నాయి.

అక్క


జిల్లా జైలు, ఒంటరి గది

అక్కా,

నీ చివరి ప్రశ్న మీద జైలరు నల్లసిరా పూశాడు. వెలుతురుకు పెడితే కనబడింది. చదివాక కాసేపు నాకేం గుర్తులేదు. మగ్గం విరగ్గొట్టానట. అడ్డమొచ్చిన వార్డరు మెడ పట్టుకున్నానట. నలుగురు కలిసి నన్ను కింద పడేసి అరికాళ్ళ మీద కొట్టారు. కొడుతూ కొడుతూ వాళ్ళే అలసిపోయారు. ఇప్పుడు మోకాళ్ళ మీద పాకుతూ కుండ దగ్గరికి వెళుతున్నాను. ఇది నీకు జాలి కలగాలని రాయడం లేదు. నువ్వు అడిగినదానికి ఇదే నా జవాబు, అందుకని.

గుత్తేదారును పానాతో కొట్టినప్పుడు ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది. ఆ చప్పుడు చెవిలో ఉండిపోతుందని అందరూ అనుకుంటారు. అది ఉండేది చేతిలో. దారం పట్టుకున్నా, గిన్నె పట్టుకున్నా, నిద్రలో దుప్పటి లాక్కున్నా ఆ చిన్న అదురు మణికట్టులో తగులుతూనే ఉంటుంది. దాన్ని నువ్వు నీ చేతిలో పెట్టుకోకు. నీ చేతులు కుట్టుపని చేసే చేతులు. నేను మిగిలిన రోజులు ఇక్కడ పడి ఉండగలుగుతున్నానంటే, ఇంట్లో ఒక మనిషి చేతులైనా శుభ్రంగా ఉన్నాయన్న ధైర్యంతోనే.

నీళ్ళకు రంగు వచ్చిందంటే ఇంక కట్టతో పంచాయితీ లేదు. ముసలివాళ్ళనీ పిల్లల్నీ మెరక మీద బడికి చేర్చండి. రానన్నవాళ్ళను మంచంతో సహా ఎత్తుకెళ్ళండి. ఇళ్ళు పోతే పోనీ. నేనొచ్చి మట్టి తవ్వుతాను, బావ ఎడంచేత్తో కొలతలు చెబుతాడు, మళ్ళీ కడదాం. ఎవరెన్నిసార్లు వద్దన్నా ఇంజనీరమ్మనే పట్టుకో.

ఒంటె సంగతంటావా, వాడి పెళ్ళాం చేత తిట్టించు. లోకంలో ఎవరికీ భయపడనంత భయం వాడికి ఆమె నోరంటే.

గొడ్డలి తీసి ఎవరికైనా ఇచ్చెయ్యి అక్కా. నా మీద ఒట్టు.

తమ్ముడు


మహిళా జైలు

తమ్ముడూ,

పైన రాసిన చోటు చూశావుగా. నీ ఒట్టు నిలబెట్టలేకపోయాను.

నీ మాట సగం విన్నాను. పిల్లల్నీ ముసలివాళ్ళనీ బడికి చేర్చాం. ఇంజనీరమ్మ నుదుటికి కట్టుతోనే వచ్చి, అద్దం లేని జీపులో మైకు పెట్టి వీధి వీధీ తిరిగింది. అయినా గొడ్ల కోసం, సామాన్ల కోసం చాలామంది దిగుతూనే ఉన్నారు. మీ బావ పైన బడిలో పిల్లల దగ్గరున్నాడు. వాన ఎడతెరిపి లేదు. పొద్దున్నకి చెరువు కట్ట అంచుకు బెత్తెడు కిందికి వచ్చింది. గాలికి అలలు కట్ట మీదికి నాలుక చాచినట్టు వచ్చి పోతున్నాయి. సీసా అక్కర్లేదు ఇంక. ఊట ఉన్న చోట బుంగ పడి, పంపు విప్పినట్టు బురదనీళ్ళు కొడుతున్నాయి.

ఆడవాళ్ళం పదిమందిమి పైకి వెళ్ళాం. ఒంటె పెళ్ళాం కూడా వచ్చింది, నేను పిలవకుండానే. గుత్తేదారూ వాడి మనుషులూ తెల్లారకముందే జారుకున్నారు. ఒంటె ఒక్కడూ అలుగు మీద రాడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పక్కకి జరుగయ్యా," అంది ఆమె. "బిడ్డ బడి మెట్ల మీద కూర్చుని నాన్నేడని అడుగుతోంది."

"జరిగితే నా చేతులు ఉంచడే వాడు!"

"ఎవడు? ఎక్కడున్నాడు వాడు? పారిపోయాడు కదా! చుట్టూ చూడు!"

వాడు చూడలేదు. "వస్తాడు. మళ్ళీ వస్తాడు" అంటూనే ఉన్నాడు.

పాలు పోసే ఆమె వంగి ఒక బస్తా లాగింది. వాడు ఆమె భుజం మీద కొట్టాడు. మెడ కింద ఎముక టక్కుమంది. ఆమె బస్తా మీదే కూలబడింది. మిగతావాళ్ళు కేకలు పెడుతూ వెనక్కి తగ్గారు. నేను తగ్గలేదు. అప్పటిదాకా గొడ్డలి తాళ్ళు కొయ్యడానికే తెచ్చానని నాకు నేను చెప్పుకుంటున్నాను. వాడు నా మీదికి రాడ్డెత్తాడు. నేను గొడ్డలి తిరగేసి వాడి చెవి కింద కొట్టాను. ఆ పొడుగు మెడ పక్కకి వాలి, మనిషి మొత్తం వల మీద పడ్డాడు.

ఇక్కడిదాకా అయితే ఎవరైనా ఒప్పుకుంటారు. తర్వాతది విను.

వాడు చావలేదు. వేళ్ళతో వల పట్టుకున్నాడు. వాడి పెళ్ళాం, "ఆగక్కా! ఆయన వల మీదున్నాడు, ఆగు, లాగుతాను!" అని అరిచింది. విన్నాను. స్పష్టంగా విన్నాను. అదే క్షణాన వెనక కట్ట వాలు కొంత, రెండు తుమ్మచెట్లతో సహా, బరువు దించుకున్నట్టు మూలిగి కిందికి జారింది. వీధిలో ఇంకా మనుషులు కనిపిస్తున్నారు. ఒకాయన ఎద్దును లాగుతున్నాడు. నేను తాడు మీద కొట్టాను. ఒకటి తెగింది. ఆమె వచ్చి నా జబ్బ పట్టుకుంది. మోచేత్తో ఆమె ముఖం మీద పొడిచి వదిలించుకుని రెండో తాడు మీద కొట్టాను.

పలకలు తుపాకీ పేలినట్టు పేలాయి. బస్తాలు, వల, చేపలు, వాడు అన్నీ ఒక్కసారే పోయాయి. ఒక చెయ్యి పైకి లేచింది. అంతే. నీళ్ళు ఆ రాతిదారిలో ఎంత కోపంగా పోయాయంటే, మేం నిలబడ్డ బండ అదిరింది. మధ్యాహ్నానికి చెరువు మూరెడు తగ్గింది. ఇంజనీరమ్మ జనాన్ని పోగేసి బుంగ చుట్టూ ఇసుక బస్తాలు గూడులా పేర్పించింది. కట్ట సగం వాలు పోయి కూడా నిలబడింది. వీధి ఉంది. మనిల్లు ఉంది. ఎద్దు కూడా ఉంది.

ఒంటె పొలాల్లో మోటారు గది వెనక దొరికాడు. వల ఒంటికి చుట్టుకుని ఉంది. చేపలు కూడా వాడితోనే.

వరదలో కొట్టుకుపోయాడని చెబుదామన్నారు అందరూ. ఒంటె పెళ్ళాం మాత్రం మాట కలపలేదు. పెదవి చిట్లి, ముక్కులోంచి నెత్తురు కారుతూ వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను తడిబట్టలతోనే స్టేషనుకు నడిచి వెళ్ళి చెప్పాను. రైటరు కలం పక్కన పెట్టి, "ఇంటికి పోమ్మా, నీకు మతి చలించింది" అన్నాడు. రాసుకునేదాకా కూర్చున్నాను.

చేతిలో ఉంటుందని నువ్వు రాశావు. నిజమే. గొడ్డలి దెబ్బ అదురు కొంత ఉంది. తాడు తెగినప్పటిది ఎక్కువ ఉంది.

అక్క


జిల్లా జైలు

అక్కా,

ఏం రాయాలో తెలియక చాలా కాగితాలు చింపాను.

ముందు ఒంటె కోసం ఏడ్చాను, తర్వాత నీ కోసం. ఆ వరస తప్పయితే తిట్టు. వాడు లోతుకు భయపడేవాడు. నేను వెనకనించి తోసి నేర్పాను ఈత. నిన్నంతా అదే కళ్ళ ముందు.

నువ్వు తప్పు చేశావని నేననలేను, ఒప్పు చేశావని కూడా నాకు నోరు రావడం లేదు. నువ్వు నా అక్కవి. అదొక్కటే రాయగలను.

అలుగు మూసిన కేసులో గుత్తేదారును పట్టుకున్నారు. ఈ జైలుకే తెస్తున్నారని, నేనున్న వరుసలోనే గది అని వార్డర్లు చెప్పుకుంటుంటే విన్నాను. చెబుతూ నా వైపు చూసి నవ్వారు, కోడిపందెం చూడబోయేవాళ్ళలాగా. పొద్దున్నే జైలరు దగ్గరికి వెళ్ళి నన్ను వేరే జైలుకు మార్చమని అడిగాను. "భయమా?" అన్నాడు. అవునన్నాను. "వాడంటేనా?" అన్నాడు. నా చేతులు చూపించాను. కాగితం మీద సంతకం పెట్టాడు.

కొత్త చోటు ఏదో తెలిశాక రాస్తాను. ముసలాయన్ని వదిలి వెళ్ళడమే కష్టంగా ఉంది.

తమ్ముడు


కట్ట కింది వీధి,
ఎండలు తగ్గుతున్న రోజులు

తమ్ముడూ,

ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. కోర్టు నన్ను వదిలేసింది.

ఎలా వదిలిందో చెప్పాలి. వీధిలో ఆడవాళ్ళందరూ వరసగా వచ్చి, వాడే కాలు జారి పడ్డాడని చెప్పారు. నన్ను కాపాడదామని పాపం ఒకరు చెప్పినట్టే అందరూ చెప్పారు. జడ్జి నమ్మలేదు. చివర ఒంటె పెళ్ళాం బోనెక్కింది.

"ఈమె కొట్టింది," అంది. "పడ్డాక కూడా ఆగలేదు. ఆగమని బతిమాలాను, వినపడి కూడా తాడు తెంపింది. నన్నూ కొట్టింది, ఈ పన్ను అప్పుడు పోయిందే."

మా లాయరు తల పట్టుకున్నాడు.

"మరి మీ ఆయన?" అన్నాడు జడ్జి.

"ఆయన పాలామెను కొట్టాడు. ఈమె మీదికి రాడ్డెత్తాడు. అదీ నిజమే. ఈమె ఆగుంటే ఆయన్ని లాగేదాన్ని. లాగేలోపు కట్ట తెగేదని ఇంజనీరమ్మ చెప్పింది. తెగుంటే వీధిలో ఉన్నవాళ్ళు పోయేవాళ్ళు. ఇదంతా జరిగింది. దీంట్లో ఏది నేరమో మీరు చదువుకున్నారు, మీరే చెప్పండి."

అబద్ధాలన్నీ కలిసి చెయ్యలేని పని ఆ ఒక్క నిజం చేసిందని లాయరు తర్వాత అన్నాడు. నాకేం సంతోషం కలగలేదు.

వీధి మొదట్లో మనవాళ్ళు చప్పట్లతో నిలబడి ఉన్నారని తెలిసి, ముందు స్టాపులోనే బస్సు దిగి పొలాల గట్ల మీదుగా వచ్చాను. మీ బావ గుమ్మంలో ఉన్నాడు. ఎడంచేత్తో చెంబు అందించాడు. ఎడంచేత్తో ఉలి పట్టడం నేర్చుకుంటున్నాడు, చెక్కకంటే ఎక్కువ తన గోళ్ళే చెక్కుకుంటున్నాడు. నాలుగో కాలు వంకరగా వచ్చింది. నువ్వు వంకరగానే కూర్చుంటావు కదా, సరిపోతుందంటున్నాడు.

పైన కట్ట పని నడుస్తోంది. తుమ్మచెట్లు వేళ్ళతో సహా పీకేశారు. పాత వాలంతా తవ్వి, కొత్తమట్టి పొర పొరగా వేసి రోలరుతో తొక్కిస్తున్నారు. ఇంజనీరమ్మ పొద్దస్తమానం అక్కడే. నుదుటి మీద మచ్చ ఉండిపోయింది.

సాయంత్రం ఒంటె ఇంటికి వెళ్ళాను. వద్దన్నాడు మీ బావ, అయినా వెళ్ళాను. తలుపు కొడితే ఆమే తీసింది. వెనక పిల్ల చాప మీద కూర్చుని పలక మీద ఏదో గీస్తోంది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను.

"లోపలికి రాకు," అంది.

"రాను."

"నీ మీద నాకు కోపం పోలేదు. పోదు కూడా. కోర్టులో చెప్పింది నీ కోసమనుకోకు. ఆయన గురించి అందరూ అబద్ధం చెబుతుంటే ఉండలేకపోయాను."

ఇదివరకు ఆమె నన్ను అక్కా అనకుండా మాట మొదలుపెట్టేది కాదు. తలూపి వెనక్కి తిరిగాను. మెట్టు దిగుతుంటే మళ్ళీ పిలిచింది.

"వాన పెద్దదైతే మాత్రం వచ్చి తలుపు కొట్టు. పిల్లున్న ఇల్లు. నాకు నిద్ర ఎక్కువ. అప్పుడు తీస్తాను. మామూలు రోజుల్లో రాకు."

సరే అన్నాను.

నీ విడుదల దగ్గరపడిందని మీ బావ లెక్కలు వేస్తున్నాడు. వచ్చేటప్పుడు వీధిలో ఆమె ఇల్లు దాటేదాకా గట్టిగా నవ్వకు, అక్కా అని కేకలు వెయ్యకు. నెమ్మదిగా నడిచి రా.

అక్క